తెగిపోయి మేలు చేసే ప్రోటీను

1947-48లో నికోబార్ దీవుల్లో పోలియో మహమ్మారి చెలరేగింది. పోలియో వైరస్ నోటి ద్వారా ఒంట్లోకి వస్తుంది. ముందు గొంతులో, పేగుల్లో పెరిగి, ఆ తర్వాతే రక్తంలోకి, కొందరిలో నాడీకణాల్లోకి చేరుతుంది. మరి దాన్ని పేగుల గుమ్మం దగ్గరే ఆపలేమా?

రక్తంలో ప్రతిరక్షకాలు ఉంటాయని మీకు తెలుసు. 1922లో ఆర్థర్ డేవిస్ జిగట విరేచనాల రోగుల మలంలోనూ వాటిని గుర్తించాడు. రక్తంలో కనిపించక ముందే అవి అక్కడున్నాయి! అంటే పేగులకు తమదైన రక్షణ ఉందన్నమాట. 1965లో అమెరికాలో థామస్ టొమాసి బృందం మరో వింత తేల్చింది. లాలాజలం వంటి స్రావాల్లోని ఇమ్యునోగ్లోబ్యులిన్-ఎ అనే ప్రతిరక్షకానికి, రక్తంలోని దానికి లేని ఒక అదనపు ముక్క అతుక్కుని ఉంది. దానికి 'స్రావక భాగం' అని పేరు.

ఆ ముక్క ఎక్కడిది? 1980లో కీత్ మోస్టోవ్, క్రేయెన్‌బూల్, గుంటర్ బ్లోబెల్ జవాబు చెప్పారు. అది కణత్వచంలో నాటుకుని ఉండే పెద్ద గ్రాహకంలో ఒక భాగమే.

ఎలాగో చూడండి. పేగు పొర అడుగున కొన్ని కణాలు ప్రతిరక్షకాలను జంటలుగా తయారు చేస్తాయి. పొరకణం అడుగువైపున్న గ్రాహకం ఆ జంటను పట్టుకుంటుంది. రెండూ చిన్న తిత్తిలో కణాన్ని దాటి పైఅంచుకు చేరతాయి. అక్కడ ఒక ఎంజైము గ్రాహకాన్ని కోస్తుంది. తోక కణంలో ఉండిపోతుంది. మిగతా భాగం ప్రతిరక్షకంతో పాటు పేగులోకి వెళ్లిపోతుంది.

కొలెస్టరాల్‌ను కణంలోకి చేర్చే గ్రాహకం పని ముగించుకుని వెనక్కి వస్తుంది, మళ్లీ మళ్లీ పనికొస్తుంది. దీనికి మాత్రం ఒక్కటే ప్రయాణం. ఎందుకింత దుబారా? దుబారా కాదు. తెగిన ముక్క ప్రతిరక్షకాన్ని జీర్ణరసాల నుంచి కాపాడుతుంది. రేవు దాటించిన పడవే ఆవలి ఒడ్డున కవచమైనట్టు!

1968లో ఓగ్రా బృందం రెండు పోలియో టీకాలను పోల్చింది. సూదిమందు రక్తంలో ప్రతిరక్షకాలను బాగానే పెంచింది. స్రావాల్లో మాత్రం చుక్కలమందుదే పైచేయి. మన దేశంలో 1995లో మొదలైన పల్స్ పోలియో ఆ చుక్కలమందుతోనే సాగింది. సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియో రహితమని ప్రకటించారు. పిల్లల నోట్లో పడిన ఆ రెండు చుక్కల వెనుక, తెగిపోతూ కాపలా కాసిన ఈ గ్రాహకమూ ఉంది.