పుల్లగా ఉంటే తీపి లేనట్టేనా? బాల్సమిక్ వెనిగర్, కీటో, మన చింతపండు

ఈ ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతా. "అన్నా, కీటోలో ఉన్నా. సలాడ్ మీద బాల్సమిక్ వెనిగర్ వేసుకోవచ్చా?" ఒక్క మాటలో జవాబు కావాలంటే: ఒక చెంచా వేసుకోవచ్చు. కానీ ఆ ఒక్క మాటతో సరిపెడితే అసలు విషయం మిస్ అవుతాం. ఎందుకో చెప్తా, చివరిదాకా ఉండండి.

నేను గ్రూప్స్ ప్రిపరేషన్ కోసం అశోక్‌నగర్‌లో మూడేళ్ళు ఉన్నా. పొద్దున చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో సీటు పట్టుకోవడం, మధ్యాహ్నం మెస్సులో అన్నం, పప్పు, చారు, సాయంత్రం మళ్ళీ పుస్తకాలు. రోజంతా కూర్చునే బతుకు కదా, ఆరు నెలలకే పొట్ట వచ్చేసింది. అప్పుడే రూమ్మేట్ "కీటో చెయ్ రా" అన్నాడు. ఫోన్‌లో ఎవరో సలాడ్ మీద నల్లటి వెనిగర్ పోస్తుంటే చూసి, నారాయణగూడలో ఒక షాపులో నేనూ సీసా కొన్నా. వారం మెస్ డబ్బులు అటే పోయాయి. నాలుక మీద వేసుకుంటే పుల్లగా, వెనకాలే తియ్యగా ఉంది. అక్కడే నాకు డౌట్ మొదలైంది.

ఆ తీపి ఎక్కడిది? ఇటలీలో మోడెనా అని ఒక ఊరుంది. అక్కడ ద్రాక్షరసాన్ని గంటల తరబడి కాచి, చిక్కబరిచి, చెక్క పీపాల్లో పులియబెట్టి ఏళ్ళ తరబడి ఉంచుతారు. సంప్రదాయ రకానికి కనీసం 12 ఏళ్ళు, పాతదానికి 25 ఏళ్ళు. 1046లో హెన్రీ 3 చక్రవర్తికి ఈ ప్రాంతపు పాలకుడు తన కోటలో తయారైన వెనిగర్‌ను కానుకగా పంపాడని, తర్వాతి కాలంలో డోనిజో అనే సన్యాసి రాశాడు. "బాల్సమిక్" అన్న పేరు మాత్రం 1747 నాటి ఎస్తే రాజుల లెక్కల పుస్తకంలో కనిపిస్తుంది. బాల్సమ్ అంటే ఉపశమనం ఇచ్చే లేపనం. అంటే ఇది మందుగా పేరు తెచ్చుకున్న పులుపు.

మనకు ఇది కొత్తేం కాదు. హైదరాబాద్‌లో వెనిగర్‌ని సిర్కా అంటారు కదా, అది పర్షియన్ మాట. సిర్కాలో తేనె కలిపి చేసే సికంజబీన్ యునానీ వైద్యంలో పాత మందు. ఆ పేరుకు అర్థమే సిర్కా-తేనె. మోడెనాలో ద్రాక్ష తీపి, యునానీలో తేనె తీపి. రెండు చోట్లా పులుపూ తీపీ కలిసే నడిచాయి.

ఇక మన దగ్గర షాపుల్లో దొరికేది సాధారణంగా ఆ 12 ఏళ్ళ సరుకు కాదు. వైన్ వెనిగర్‌లో చిక్కబరిచిన ద్రాక్షరసం కలిపి చేసేది. దీనికి యూరప్‌లో 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కనీసం 60 రోజులు ఉంచితే చాలు. ఇందులో ఒక టేబుల్ స్పూన్‌కి సుమారు 3 గ్రాముల పిండిపదార్థం, దాదాపు అంతా చక్కెరే. మామూలు తెల్ల వెనిగర్‌లో అయితే దాదాపు సున్నా. "గ్లేజ్" అని చిక్కగా అమ్మేదాంట్లో ఇంకా చాలా ఎక్కువ. గుర్తు ఏంటంటే, ఎంత చిక్కగా ఉంటే అంత చక్కెర.

కీటోలో రోజుకు పిండిపదార్థం 20 నుంచి 50 గ్రాముల లోపు ఉండాలంటారు. అందులో 3 గ్రాములు పెద్ద లెక్క కాదు. నాలుగు చెంచాలు పోస్తే మాత్రం 12 గ్రాములు. అదే మెస్సులో పావుకిలో అన్నం తింటే దాదాపు 70 గ్రాములు. మరి చారు? చింతపండు గుజ్జులో 100 గ్రాములకు 60 గ్రాముల పైన పిండిపదార్థమే. నమ్మబుద్ధి కాదు కదా! టార్టారిక్ ఆమ్లం పులుపు ఆ తీపిని కప్పేస్తుంది. నిమ్మకాయంత చింతపండుతో నలుగురికి చారు పెడతారు కాబట్టి మనిషికి రెండు మూడు గ్రాములే వస్తుంది. అంటే వారం మెస్ డబ్బులు పోసి కొన్న నా సీసా, మెస్సులో ఊరికే పోసే చారు, కీటో లెక్కలో దాదాపు సమానమే!

సరే, గ్రాములు లెక్కబెట్టే ఈ పద్ధతి ఎక్కడ పుట్టింది? జిమ్‌లో కాదు, ఆసుపత్రిలో. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ అనే డాక్టర్ మూర్ఛ రోగుల కోసం ఈ ఆహారాన్ని ప్రతిపాదించి, దానికి కీటోజెనిక్ డైట్ అని పేరు పెట్టాడు. ఉపవాసం ఉంటే ఫిట్స్ తగ్గుతాయని అప్పటికే తెలుసు. ఉపవాసం లేకుండా అదే స్థితి తేవాలన్నది ఆలోచన. ప్రతి గ్రామూ తూచి పెట్టేవాళ్ళు, పక్కన డాక్టర్ ఉండేవాడు. 1938లో ఫెనిటోయిన్ మందు ఫిట్స్‌ను ఆపగలదని తేలాక ఈ పద్ధతి వెనకబడింది. బరువు తగ్గడం కోసం 1972లో అట్కిన్స్ పుస్తకం వచ్చింది. మన తెలుగువాళ్ళలో 2017, 18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి సభలతో కొబ్బరి నూనె, నిమ్మకాయలు ఇంటింటి మాట అయ్యాయి. కొందరు డాక్టర్లు అభ్యంతరం చెప్పారు, టీవీల్లో పెద్ద చర్చలు నడిచాయి.

ఈ ప్రయాణంలో ఒకటి జారిపోయింది ఫ్రెండ్స్. గ్రాముల లెక్క మన ఫోన్‌లోకి వచ్చింది, పక్కనుండే డాక్టర్ రాలేదు.

అది నాకు మా ఇంట్లోనే తెలిసింది. మా నాన్నకు షుగర్, పదేళ్ళుగా మాత్రలు వాడుతున్నాడు. నేను కీటోతో నాలుగు కిలోలు తగ్గానని ఫోన్‌లో గొప్పగా చెప్పా. ఆయన నాకు చెప్పకుండా తెల్లారే అన్నం మానేశాడు. మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకున్నాడు. మూడో రోజు నేను లైబ్రరీలో ఉండగా అమ్మ ఫోన్: "మీ నాన్నకు ఒళ్ళంతా చెమటలు రా, చేతులు వణుకుతున్నయ్, మాట తడబడుతోంది." ఏం చెయ్యాలో నాకు తోచలేదు. అమ్మే నీళ్ళలో రెండు చెంచాల పంచదార కలిపి తాగించింది. పావుగంటకు తేరుకున్నాడు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే అసలు సంగతి తెలిసింది. కొన్ని షుగర్ మాత్రలు మనం తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను బయటికి తెప్పిస్తూనే ఉంటాయి. తిండి తగ్గితే డోసు కూడా మార్చాలి. ఆయన డోసు తగ్గించి, నన్ను బాగా తిట్టాడు. తిట్టించుకోవాల్సిందే.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల మందికి పైనే అంది. అంటే ఈ వీడియో చూస్తున్న చాలామంది ఇళ్ళల్లో ఎవరో ఒకరుంటారు.

కాబట్టి నా జవాబు ఇది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఒక చెంచా బాల్సమిక్ వేసుకోండి, గ్లేజ్ వద్దు. లేబుల్ మీద చక్కెర ఎంతో చూడండి, అది 100 మిల్లీలీటర్లకా, చెంచాకా అన్నదీ చూడండి. డబ్బులు దండగ అనుకుంటే చిక్కడపల్లి మార్కెట్‌లో నిమ్మకాయ కొనుక్కోండి, పనవుతుంది. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు మాత్రం వెనిగర్ గురించి అడిగే ముందు డాక్టర్‌ని అడగండి.

ఆ సీసా ఇంకా మా ఇంట్లో ఉంది, సగం. పక్కనే అమ్మ పంచదార డబ్బా పెట్టింది. ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు "తిన్నారా" అని అడుగుతారు కదా, "మాత్ర ఎంత డోసు వేసుకుంటున్నారు" అని కూడా అడగండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా.