వేళ్ళ వాపు వెనుక ఒక కబురు

పొద్దున్నే లేచి చల్ల చిలకబోతే మా అత్తగారికి వేళ్ళు ముడుచుకునేవి కావు. గంట గడిస్తే గాని పిడికిలి పడేది కాదు. "వయసు మీద పడిందిలే అమ్మా" అనేవారు. అప్పటికి ఆవిడకి నలభై అయిదైనా నిండలేదు!

అది కీళ్ళవాతంలో ఒక రకం, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. మగవారికన్న ఆడవారికి రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. దాని మందు వెనుక ఓ చరిత్ర ఉంది.

మన ఒంట్లో సూక్ష్మజీవి చొరబడితే రక్షక కణాలు ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. ఆ కబురు మోసే ప్రోటీన్లే సైటోకైన్లు. కణం గుమ్మంలో నిలబడి కబురందుకునేది రిసెప్టరు.

1975లో న్యూయార్కులో ఎలిజబెత్ కార్స్‌వెల్, లాయిడ్ ఓల్డ్ మొదలైనవారు ఎలుకల నెత్తురులో కేన్సరు కంతుల్ని చంపే పదార్థం ఒకటి కనిపెట్టారు. దానికి ట్యూమర్ నెక్రోసిస్ ఫాక్టర్, పొట్టిగా టి.ఎన్.ఎఫ్., అని పేరు పెట్టారు. కేన్సరుకు మందు దొరికిందనే ఆశ పుట్టింది. తీరా మనుషులకిస్తే జ్వరం, రక్తపోటు పడిపోవడం!

తరవాత లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, లూధియానాలో పుట్టిన రవీందర్ మైనీ వాచిన కీళ్ళ కణాలను పరీక్షించారు. ఫియోనులా బ్రెన్నన్ అనే శాస్త్రజ్ఞురాలితో కలిసి 1989లో ఒక సంగతి తేల్చారు. టి.ఎన్.ఎఫ్.ను అడ్డుకుంటే, వాపు తెచ్చే మరో సైటోకైను కూడా తగ్గుతోంది. పెద్ద కబురు ఆగితే దాని వెనకది కూడా ఆగిందన్నమాట. 1992లో చారింగ్ క్రాస్ ఆసుపత్రిలో రోగులకిచ్చి చూశారు. ఇతర మందులకు లొంగని 20 మందికి వాపులు తగ్గాయి. ఆ మందు ఇన్‌ఫ్లిక్సిమాబ్. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ఎటనర్‌సెప్ట్ అయితే రిసెప్టరుకు నకలు. కబురును గుమ్మం చేరనివ్వక దారిలోనే పట్టేస్తుంది.

అయితే టి.ఎన్.ఎఫ్. వట్టి శత్రువు కాదండీ. ఒంట్లో దాగిన క్షయ క్రిముల చుట్టూ కంచె కట్టి ఉంచేది కూడా అదే. 2001లో అమెరికా వైద్యులు, ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నాక క్షయ వచ్చిన 70 మంది సంగతి ప్రకటించారు. అందుకే ఈ మందులకు ముందు క్షయ పరీక్ష చేస్తారు. క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఆ పరీక్ష మరీ ముఖ్యం.

కాబట్టి సోదరీమణులారా, పొద్దున్నే వేళ్ళు బిగుసుకుంటుంటే వయసని సరిపెట్టుకోకండి. తొందరగా డాక్టరుకు చూపించుకోండి. ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా క్షయ వచ్చి ఉంటే దాచకుండా చెప్పండి. మా అత్తగారు చూపించుకునేసరికి వేళ్ళు వంకరపోయాయి. వంకరపోయిన వేలిని ఏ మందూ మళ్ళీ తిన్నగా చెయ్యలేదు.