బుల్లెట్టు నాదము

ఇంజనులోని దహనవాయువు అధికపీడనముతో వెలికుఱికి బయటి గాలిని తాకుటచే పుట్టు చప్పుడును అణచవలెనన్న యోచన మోటారు బండ్ల తొలినాళ్లలోనే మొలకెత్తినది. అమెరికాలో రీవ్స్ సోదరులు 1897లో ఇందుకొక సాధనమునకు పేటెంటు పొందిరి. మరతుపాకిని నిర్మించిన మాక్సిము కుమారుడు హైరం పెర్సీ మాక్సిము 1909లో తుపాకి సైలెన్సరుకు పేటెంటు పొంది, ఆ విద్యనే ఇంజనులకును అన్వయించెను. తండ్రి పుట్టించిన మ్రోతను తనయుడు మాన్పబూనుట ఈ చరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము. 1930లలో గాజును సన్నని పోగులుగా తీయు పరిశ్రమ అచ్చట నెలకొన్న పిమ్మట, చిల్లుల గొట్టము చుట్టు గాజు ఉన్ని నింపిన సైలెన్సర్లు వ్యాప్తికి వచ్చినవి.

1806లో నిజాము సికందర్ జా పేర వెలసిన దండుపట్టణము సికిందరాబాదు. 1950ల ఆరంభమున భారతసైన్యము గస్తీకై ఎన్నుకొన్నదియు, 1955 నుండి మద్రాసులో రూపొందినదియు నగు బుల్లెట్టు మోటారు సైకిలు ఇచ్చట మన్నన పొందుట వింత కాదు. 346 సి.సి.ల ఆ ఏకసిలిండరు నిమిషమునకు వేయి చుట్లు తిరుగునపుడు రెండు చుట్లకొకటి చొప్పున పేలుళ్లు ఐదువందలే గనుక, సెకనుకు ఎనిమిదింటిని చెవి వేర్వేఱుగ గుర్తింపగలదు. ఆ గంభీరనాదమునకు మూలమిదియే.

ఉన్ని గల సైలెన్సరులో ధ్వనితరంగములు చిల్లులగుండ పోగుల నడుమ చొచ్చి, ఘర్షణచే కొంత ఉష్ణముగా మారును. చెవిని గీరు తారస్వరములు విశేషముగా అణగి, మంద్రము నిలుచును. ఏండ్లు గడచిన కొలది ఉన్ని మాడి, మసితోను నూనెతోను గడ్డకట్టి, కొంత గాలితోపాటు కొట్టుకొనిపోవగా, నాదము రేకుడబ్బా మ్రోతగా దిగజారును. అప్పుడు రివెట్లు తొలిచి, బఫిలు అనబడు లోపలి చిల్లుల గొట్టమును వెలికిదీసి, పాత ఉన్నిని గీకి, చిల్లులలోని మసిని పొడిచి, క్రొత్త గాజు ఉన్నిని సమముగా చుట్టి, సన్నతీగతో బిగించి మరల దూర్చవలెను. మితిమీరి కూరినచో పోగుల నడుమ ఖాళీ నశించి ధ్వని చొరలేదు. వదులైనచో ఉన్ని త్వరలోనే చెదరిపోవును. ఈ మితమును వ్రేళ్లతో ఎఱిగినవాడే పనివాడు.

బఫిలునే ఊడబెరికి వీధిని అదరగొట్టువారు శబ్దమును పెంచుచున్నారే గాని నాదమును బాగుచేయుట లేదు. సికిందరాబాదులోని రాణీగంజు విడిభాగముల బజారున తిరుగు యువకులకు ఈ భేదము తెలియవలెనని నా ఆకాంక్ష. ఉన్ని మార్చువారు చేతితొడుగులను, ముక్కునకు గుడ్డను మఱువరాదు; గాజుపోగులు చర్మమును గుచ్చును, ఊపిరితో లోనికి పోవును.