మానవ హక్కులు – ఐక్యరాజ్యసమితి: దక్షిణాఫ్రికా నేర్పిన పాఠము

ఒక రాజ్యము తన ప్రజలను పీడించుచుండగా తక్కిన రాజ్యములు ప్రశ్నింపవచ్చునా? పూర్వకాలమున దీనికి ‘కూడదు’ అనునదే సమాధానము. ఏ రాజ్యమున కారాజ్యము తన యెల్లలలో సర్వస్వతంత్రమని పెద్దలు తలచిరి. ఈ భావము క్రమముగ నెట్లు సడలినదో తెలిసికొనుటకు దక్షిణాఫ్రికా చరిత్ర చక్కని నిదర్శనము. ఆ చరిత్రతో తెలుగువారికిని సంబంధము కలదు.

1860 నవంబరు 16వ తేదీన మద్రాసునుండి వెళ్ళిన ‘ట్రూరో’ అను ఓడ డర్బను రేవు చేరెను. నేటాలు చెరకుతోటలలో పనిచేయుటకు ఒప్పందము వ్రాసియిచ్చిన కూలీలు అందుండిరి. 1911 వరకు ఇట్లు వెళ్ళినవారు సుమారు 1,50,000 మంది. వారిలో తమిళులతోబాటు విశాఖపట్టణ, ఉత్తరార్కాటు మండలముల తెలుగు కుటుంబములును కలవు. ఒప్పందము తీరిన పిదప పలువురు అచ్చటనే స్థిరపడి, కూరగాయలు పండించుకొనుచు, చిల్లర వర్తకము చేసికొనుచు బ్రతికిరి. తమ భాషను నిలుపుకొనుటకై తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి.

1946లో ఆ దేశప్రభుత్వము భారతీయులు భూమి కొనుటకును, నివసించుటకును హద్దులు గీయుచు ఒక శాసనము చేసెను. భారతదేశమునకు అప్పటికింకను స్వాతంత్ర్యము రాలేదు. అయినను ఆ యేటి జూన్ నెలలో మన ప్రభుత్వము ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు పంపెను. సర్వప్రతినిధి సభలో శ్రీమతి విజయలక్ష్మీ పండిత్ భారత ప్రతినిధివర్గమునకు నాయకత్వము వహించి వాదించిరి. ఇది తమ యింటి వ్యవహారమనియు, సమితి జోక్యము చేసికొనరాదనియు దక్షిణాఫ్రికా ప్రధాని జనరల్ స్మట్సు పక్షమువారు ప్రతివాదము చేసిరి. సమితి నిబంధనావళి పీఠికను రచించుటలో ఆ స్మట్సు హస్తమే యుండుట విచిత్రము. డిసెంబరు 8వ తేదీన భారతదేశమునకు అనుకూలమైన తీర్మానము 32 వోట్లతో నెగ్గెను. 15 వోట్లు వ్యతిరేకముగ పడెను.

తీర్మానము నెగ్గినను శాసనము తొలగలేదు. తనకు వచ్చు ఫిర్యాదులపై చర్య గైకొను అధికారము తనకు లేదని సమితివారి మానవ హక్కుల సంఘమే 1947లో తేల్చివైచెను. 1948 డిసెంబరు 10వ తేదీన మానవ హక్కుల విశ్వప్రకటనను 48 రాజ్యములు ఆమోదించినవి. ఒక్కటియు ఎదిరింపలేదు. తటస్థముగ నిలిచిన 8 రాజ్యములలో దక్షిణాఫ్రికా యొకటి.

1960 మార్చి 21వ తేదీన షార్ప్‌విల్‌లో పోలీసులు నిరాయుధులపై కాల్పులు జరిపి 69 మందిని చంపిరి. లోకము కలవరపడెను. 1962లో ఆ దేశపు వర్ణవివక్షను పరిశీలించుటకు సర్వప్రతినిధి సభ ప్రత్యేక సంఘమును నియమించెను. 1965లో జాతివివక్షా నిర్మూలన ఒడంబడిక వెలసెను. దానిపై సంతకముచేసి ధ్రువపరచిన రాజ్యములు తమ నడవడినిగూర్చి నివేదికలు పంపవలెను. 18 మంది నిపుణులు వానిని పరీక్షింతురు. 1967లో మానవ హక్కుల సంఘము నియమించిన నిపుణులు దక్షిణాఫ్రికాలో అడుగిడ వీలులేకున్నను, వెలుపల సాక్షులను విచారించి చెరసాలల దురాగతములను గ్రంథస్థము చేసిరి. 1974లో ఆ దేశ ప్రతినిధులకు సర్వప్రతినిధి సభలో స్థానము లేకపోయెను. 1977లో భద్రతాసభ ఆయుధముల విక్రయమును నిషేధించెను.

1994 ఏప్రిల్‌లో అన్ని జాతులవారును వోటు వేయగా నెల్సన్ మండేలా అధ్యక్షుడయ్యెను. ఈ విజయము ప్రధానముగ ఆ దేశప్రజల త్యాగఫలము. సమితి వారికి చేసిన సాయము సాక్ష్యమును భద్రపరచుట, పీడకుని లోకమున ఒంటరిని చేయుట. తొలి ఫిర్యాదునుండి ఇంతవరకు 48 సంవత్సరములు పట్టినది.

2006లో పాత సంఘమునకు బదులుగా మానవ హక్కుల మండలి ఏర్పడినది. సభ్యరాజ్యము లన్నియు వంతులవారీగా దాని యెదుట సంజాయిషీ చెప్పుకొనవలసియున్నది. భారతదేశమునకును మినహాయింపు లేదు. మండలికి సైన్యము లేదు, చెరసాల లేదు. దానికిగల బలమెల్ల సత్యమును వ్రాసి నలుగురిలో చదువుటయే. చెరకుతోటల కూలీల బిడ్డల మొర తొలుత ఒక కాగితముపైననే సమితికి చేరెను. తన హక్కు లెవ్వియో చదివి తెలిసికొన్నవాడే అట్టి కాగితము వ్రాయగలడు. గ్రామమున గ్రంథాలయ ముండుటయొక్క ప్రయోజనములలో ఇదియు నొకటి.