మెదడు – భాష – గిడుగు

భాష ఎక్కడుంటుంది? వ్యాకరణంలో ఉంటుందన్నారు పండితులు. జనం నోట ఉంటుందన్నాడు గిడుగు రామమూర్తి. మెదడులో ఉంటుందంటుంది శాస్త్రం. ఈ చివరి రెండు జవాబులు ఎంతవరకు కలిసి నడుస్తాయో, ఎక్కడ విడిపోతాయో తెలుసుకోవడం సాహిత్య విద్యార్థికి అవసరమే.

1861లో పారిస్ వైద్యుడు బ్రోకా ఒక రోగిని పరీక్షించాడు. ఎదుటివాళ్ల మాటలు అతనికి చాలావరకు అర్థమయ్యేవి. కాని ఏ ప్రశ్నకైనా 'టాన్' అనే శబ్దమే జవాబు. అతను చనిపోయాక చూస్తే మెదడు ఎడమ అర్ధభాగంలో, ముందువైపు దెబ్బతిని ఉంది. 1874లో జర్మన్ వైద్యుడు వెర్నికె ఇందుకు భిన్నమైన రోగుల్ని వర్ణించాడు. వాళ్లు ధారాళంగా మాట్లాడతారు, ఆ మాటల్లో అర్థం ఉండదు. ఇతరుల మాటా అర్థం కాదు. అక్కడ దెబ్బతిన్నది ఎడమవైపే, మరికొంత వెనక. 1892లో డెజెరిన్ మరో రోగిని గురించి రాశాడు. అతను మాట్లాడగలడు, రాయగలడు. తాను రాసినదాన్నే చదవలేడు! మాటకూ చదువుకూ మెదడులో దారులు వేరని దీంతో తేలింది. సరిగ్గా ఆ ఏడాదే విజయనగరంలో 'కన్యాశుల్కం' తొలిసారి ప్రదర్శితమైంది. ఇది కాకతాళీయమే. అయినా, పుస్తకానికి లొంగని మాటను ఒకరు ఆసుపత్రిలో, ఇంకొకరు రంగస్థలం మీద గుర్తించారని మనం చెప్పుకోవచ్చు.

మెదడంతా ఒకే అల్లిక అని గోల్జీ నమ్మాడు. కాదు, అది విడివిడి నాడీకణాల సముదాయమని కహాల్ చూపాడు. పరస్పరం విభేదించిన ఈ ఇద్దరికీ 1906లో నోబెల్ బహుమతిని కలిపి ఇచ్చారు. నిలిచింది కహాల్ వాదమే. మనిషి మెదడులో దాదాపు 8600 కోట్ల నాడీకణాలున్నాయని నేటి అంచనా. ఒక్కొక్కటి వేలాది కణాలతో సంబంధం పెట్టుకోగలదు. వాడుకలో ఉన్న సంబంధం బలపడుతుంది, వాడనిది సన్నగిల్లుతుంది. నేర్చుకోవడమంటే ఇదే. కనుక బుద్ధి పుట్టుకతోనే గీసి పెట్టిన గీత కాదు. అనుభవం, శ్రమ, సమాజం దాన్ని మలుస్తూనే ఉంటాయి.

రాత పుట్టి సుమారు అయిదువేల ఏళ్లే అయింది. దానికోసం మెదడులో ప్రత్యేక భాగం పరిణమించడానికి ఆ కాలం చాలదు. అందుకే చదువుకునేవాడి మెదడు, రూపాలను గుర్తుపట్టే భాగంలో కొంత అక్షరాలకు కేటాయించి, దాన్ని అప్పటికే సిద్ధంగా ఉన్న మాట దారులతో కలుపుతుంది. మాట పునాది, చదువు దానిమీద లేచే గోడ.

ఈ సంగతి గిడుగుకు ప్రయోగశాల చెప్పలేదు, బడి చెప్పింది. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడయ్యాడు. సవరలు తెలుగువారికి ఇరుగుపొరుగే కాని, ముండా కుటుంబానికి చెందిన వారి భాషకు తెలుగుతో చుట్టరికం లేదు. పసిబిడ్డ ఏ భాష ధ్వనులనైనా వేరు చేసి వినగలదు. ఏడాది నిండేసరికి ఆ చెవి ఇంటిభాషకు కుదురుకుంటుంది. తెలుగు చెవికి పరాయివైన ధ్వనుల్ని గిడుగు పెద్దవాడయ్యాక పట్టుదలతో నేర్చాడు. సవర తెలిసినవాణ్ణి ఇంట్లోనే పెట్టుకొని నేర్చాడు, కొండలెక్కి నేర్చాడు.

అందుకు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. కొండల్లో మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వినికిడిని హరించింది. క్వినైన్ దెబ్బతీసేది లోపలి చెవిని. వాకిలి మూసుకుపోయింది గాని ఇల్లు పడిపోలేదు. మెదడులో భాష పదిలంగా ఉంది. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. నిఘంటువులు ఆ దశాబ్దంలోనే వచ్చాయి. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆయన పుస్తకాలు రాశాడు, బడులు పెట్టాడు. తెలుగు పిల్లలకు వ్యావహారికంలో చదువు కావాలన్న ఆయన పోరాటానికీ మూలసూత్రం ఇదే. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం ఆ పోరాటంలో భాగమే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. నాడీకణానికి గ్రాంథికమూ తెలియదు, వ్యావహారికమూ తెలియదు. ఏ భాషకు గౌరవం, ఏ భాషకు బెత్తం దెబ్బ అన్నది మెదడు నిర్ణయించదు, అధికారం నిర్ణయిస్తుంది. శాస్త్రం అడ్డంకి ఎక్కడుందో చూపగలదు. దాన్ని తొలగించవలసింది మనుషులే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో కొండ దిగువనున్న ఒక బడిలో పనిచేశాను. ఒక సవర పిల్లవాడు తెలుగు వాచకం అక్షరం తప్పకుండా చదివేవాడు. అర్థం అడిగితే నేల చూపులు చూసేవాడు. మొద్దు అని తీర్మానించాను. ఒక సాయంత్రం అదే పిల్లవాడు దారిలో తోటివాళ్లకు సవరలో ఏదో కథ చెబుతున్నాడు. చేతులు తిప్పుతున్నాడు, గొంతులు మారుస్తున్నాడు, వినేవాళ్లు పొట్టచెక్కలయ్యేలా నవ్వుతున్నారు. ఆ కథలో ఒక్క ముక్క నాకర్థం కాలేదు. ఆ క్షణాన నేల చూపులు చూడవలసింది నేను. పునాది వాడి దగ్గర ఉంది. నేను గోడను వేరేచోట కడుతున్నాను.

2000ల తొలి దశకంలో ప్రభుత్వం సవరతో సహా గిరిజన భాషల్లో ప్రాథమిక వాచకాలు తెచ్చింది. గిడుగు అడిగిన శతాబ్దానికి! వాచకం ఒక్కటే చాలదు. ఆ భాష వచ్చిన పంతులు కావాలి, ఆ భాషను చిన్నచూపు చూడని బడి కావాలి. ఏటా ఆగస్టు 29న గిడుగు పటానికి దండ వేస్తున్నాం. ఆ రోజు వేదికపై మన ప్రసంగాలు వింటున్న సవర పిల్లవాడి నోట ఏ మాట ఆగిపోయిందో అడగనంత కాలం, ఆయనకు మించిన చెవుడు మనది.