జీవవాయువు: కోయంబత్తూరు, మధురై సీమల్లో

పేడ, మురుగు మడ్డి, కుళ్లిన కూరగాయలు గాలి చొరబడని తొట్టిలో పులిస్తే పుట్టే మండే వాయువే జీవవాయువు. అందులో 55–65 శాతం మీథేన్, మిగిలినదంతా దాదాపు కార్బన్ డయాక్సైడే. కుళ్లిన గుడ్డు వాసన కొద్దిపాటి హైడ్రోజన్ సల్ఫైడ్‌ది.

మన దేశంలో దీని చరిత్ర పేడతో మొదలు కాలేదు. 1897లో బొంబాయి మాటుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమంలో మానవ మలం నుంచి గ్యాస్ తీసి దీపాలు వెలిగించారు. ఆ తర్వాత చూపు పేడవైపు మళ్లింది. 1950లలో జష్‌భాయ్ పటేల్ తేలే ఇనుప డ్రమ్ముతో గోబర్ గ్యాస్ ప్లాంటు రూపొందించగా, 1960లలో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ దాన్ని ఊరూరా తీసుకెళ్లింది. మలం వెనకబడిపోవడానికి అంటు, అసహ్యం పెద్ద కారణాలు. శాస్త్రపరంగా చూస్తే అదీ పేడలాగే పులుస్తుంది.

ఇక కోయంబత్తూరు, మధురై సీమల సంగతి. 1529 ప్రాంతంలో మధురై నాయక రాజ్యం ఏర్పడ్డాక కమ్మవారు, రెడ్లు, దేవాంగులు, తొట్టియ నాయకులు ఇక్కడ స్థిరపడ్డారు. వీరిలో సేద్యం చేసుకునే కుటుంబాలకు పేడ అంటే ముందు ఎరువు, ఆ తర్వాతే పిడక. పిడకగా కాలిస్తే నత్రజని పొగలో పోతుంది. ప్లాంటులో వేస్తే వంటకు గ్యాస్ వస్తుంది, నత్రజని చాలావరకు ప్లాంటు నుంచి బయటికొచ్చే జారు మడ్డిలో, అంటే స్లర్రీలో, నిలిచి పొలానికి చేరుతుంది. గోబర్ గ్యాస్ అసలు విలువ ఇదే. మధురై జిల్లా కల్లుపట్టిలోని గాంధీ నికేతన్ ఆశ్రమంలో చివరి ఏళ్లు గడిపిన ఆర్థికవేత్త జె.సి. కుమరప్ప మలాన్ని సైతం కంపోస్టు చేసి నేలకు తిరిగి ఇవ్వాలని వాదించారు.

నాలుగైదు పశువులున్న ఇంటికి రెండు ఘనమీటర్ల ప్లాంటు సరిపోతుంది. రోజూ సుమారు 50 కిలోల పేడలో అంతే నీళ్లు పోసి, గడ్డిపరకలూ ఇసుకా తీసేసి, చేత్తో పిసికి జారుగా కలిపి తొట్టిలోకి వదలాలి. ఇసుక తీయకపోతే అడుగున పేరుకుని తొట్టి లోతు తగ్గిపోతుంది. దక్షిణాది వేడికి 30 రోజుల్లో పులుస్తుంది. చలి ప్రాంతాల్లో 55 రోజులు కావాలి. ఇనుప డ్రమ్ము తుప్పు పట్టేది, ఖర్చూ ఎక్కువే. 1984లో వచ్చిన దీనబంధు నమూనా ఇటుక గుమ్మటంతో ఆ బెడద తీర్చింది. కానీ గుమ్మటానికి సన్నని పగులు వచ్చినా గ్యాస్ నిలవదు కాబట్టి మేస్త్రీ పనితనమే కీలకం. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఉన్న బయోగ్యాస్ శిక్షణ కేంద్రం పట్టించుకునే విషయాల్లో ఇదొకటి. మరో చిక్కు కూడా ఉంది: ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు తగ్గిన ఇళ్లలో పేడే కరువైంది.

నగరాల్లో కథ వేరు. కోయంబత్తూరు ఉక్కడం మురుగుశుద్ధి కేంద్రం గాలి ఊది శుద్ధి చేసే రకం. ఆ పద్ధతిలో మీథేన్ పుట్టదు, పైగా కరెంటు ఖర్చవుతుంది. హైదరాబాద్ అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యంతో కట్టిన కేంద్రం మాత్రం గాలి లేకుండా, మీథేన్ పుట్టేలా శుద్ధి చేసే పద్ధతిని ఎంచుకుంది. అదే నగరంలోని బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో భారత రసాయన సాంకేతిక సంస్థ పరిజ్ఞానంతో కట్టిన ప్లాంటు రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల విద్యుత్తు తీస్తోందని 2021 జనవరిలో ప్రధాని రేడియో ప్రసంగంతో దేశమంతా తెలిసింది. కూరగాయల వ్యర్థాలు త్వరగా పులిసి ఆమ్లం పెంచుతాయి, ఆమ్లం పెరిగితే మీథేన్ చేసే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. అందుకే మార్కెట్ ప్లాంట్లలో రోజువారీ మోతాదును జాగ్రత్తగా చూసుకోవాలి.