మాటకు కదిలిన ఊరు

మన విండ్సర్‌లో నది ఒడ్డున నిలబడితే ఆవలి గట్టున డెట్రాయిట్ నగరం చేతికి అందేటంత దగ్గరగా కనబడుతుంది. 1963 జూన్ 23వ తేదీన ఆ నగరపు వుడ్‌వర్డ్ వీధిలో లక్ష మందికి పైగా జనం ఊరేగింపుగా నడిచారు. వారితో కలిసి నడిచిన మార్టిన్ లూథర్ కింగ్, తరువాత అప్పటి కోబో హాలులో ఉపన్యసించారు. రెండు నెలల అనంతరం వాషింగ్టన్‌లో లోకమంతా విన్న కల గురించిన మాటలు కొన్ని ముందుగా ఇక్కడే, మన నదికి ఆవలనే వినబడ్డాయి.

ఇటువంటి వక్తలు మనవారిలో లేరా అని మన పిల్లలు అడుగుతుంటారు. ఉన్నారు. మాట వినగానే ఒక ఊరు ఊరంతా లేచి నడిచిన ఉదంతం మన తెలుగుదేశంలోనే, కింగ్ గారికి నలభై రెండేళ్ళ ముందే జరిగింది. ఆ ఊరు చీరాల. ఆ వక్త ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య.

ఆయన 1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివారు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. ఆ గ్రంథం 1917లో అమెరికాలో అచ్చయింది. చేయి, చూపు, మెడ కదలిక ఏ భావాన్ని పలుకుతాయో అంత శ్రద్ధగా చదివిన వక్తలు అరుదు. అయితే జనాన్ని కదిలించింది ఆ ఒక్క విద్యే కాదు.

అప్పుడు గుంటూరు జిల్లాలోనూ, 2022 నుంచి బాపట్ల జిల్లాలోనూ ఉన్న చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రభుత్వం 1919–20లో మునిసిపాలిటీగా మార్చింది. ఏడాదికి సుమారు రూ. 4,000 ఉన్న పన్ను భారం రూ. 30,000 దాటింది. జనంలో మగ్గం మీద బతికే చేనేతవారు ఎందరో. వారు పన్ను కట్టమన్నారు. పన్నెండుగురు జైలుకు వెళ్ళారు. అందులో ఒక స్త్రీ కూడా ఉన్నారు. 1921 ఏప్రిల్ 6న గాంధీ మహాత్ముడు చీరాల వచ్చి, అహింస తప్పకుండా పన్ను నిరాకరించడం ఒక మార్గమనీ, ఊరే విడిచిపోవడం రెండవ మార్గమనీ చెప్పారు. గోపాలకృష్ణయ్య గారు రెండవదానికి జనాన్ని సిద్ధం చేశారు. 15 వేలకు పైగా ఉన్న ప్రజలలో 13 వేలకు పైగా ఇళ్ళు విడిచి, మునిసిపల్ హద్దు దాటి, పాకలు వేసుకున్నారు.

ఎడింబరోలో చదివిన మనిషి మాటకు నేతగాళ్ళు ఇల్లు వదిలి ఎందుకు వెళ్ళారు? నాకు మూడు కారణాలు కనబడుతున్నాయి.

మొదటిది, ఆయన వాళ్ళకు తెలిసిన కథలోనే మాట్లాడారు. స్వచ్ఛంద సేవకుల దళానికి రామదండు అని పేరు పెట్టారు. కొత్త పాకల ఊరు రామనగరం అయింది. రాముడు అడవికి వెళ్ళిన కథ తెలియని ఇల్లు ఆ ఊళ్ళో ఉండదు గదా! ఇల్లు విడవడం ఓటమి కాదు, వ్రతం అని వేరే వివరించనక్కరలేకపోయింది.

రెండవది, ఆయన అడిగిన పని స్పష్టమైనది. దేశాన్ని ప్రేమించండి అని చెప్పి ఊరుకోలేదు. ఫలానా హద్దు దాటి రండి అన్నారు. ముసలమ్మకు కూడా రేపు ఏం చేయాలో తెలిసింది.

మూడవది, ఆ కష్టంలో ఆయన ముందు నిలబడ్డారు.

ఇక్కడితో కథ ముగించితే పిల్లలకు సగమే చెప్పినట్లవుతుంది. ఎండకూ వానకూ పాకలలో కాపురం సులభం కాదు. డబ్బు అయిపోయింది. ఆ ఏడాదిలోనే బరంపురంలో ఆయన ఉపన్యసించరాదని ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది. ఆయన ధిక్కరించారు, ఏడాది శిక్ష పడి తిరుచిరాపల్లి జైలుకు వెళ్ళారు. సుమారు పదకొండు నెలలు నిలిచిన జనం చివరకు ఇళ్ళకు తిరిగివచ్చారు. మునిసిపాలిటీ అలాగే ఉండిపోయింది. ఆయన 1928లో, నలభై ఏళ్ళు నిండకుండానే కన్నుమూశారు.

మన విండ్సర్‌లోనే 1945లో ఫోర్డు కార్మికులు 99 రోజులు సమ్మె చేశారు. వారి వెనుక ఒక కార్మిక సంఘం ఉంది. ఒక నాయకుడు లేకపోతే మరొకరు నిలబడగలరు. చీరాలలో భారమంతా ఒకే గొంతు మీద పడింది. మాట జనాన్ని లేపగలదు, నడిపించగలదు, అన్నం పెట్టలేదు. ఆ ఏర్పాటు వేరే చేయాలి.

ఈ సంగతి నాకు అనుభవంలో తెలిసింది. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పిన ధీమాతో, ఒకసారి ఒక సభలో, పిల్లలను తెలుగు తరగతికి పంపమని అరగంటసేపు ఇంగ్లీషులో ఉపన్యసించాను. చప్పట్లు బాగానే మోగాయి. మరుసటి వారం వచ్చినవారు ఇద్దరే! తాతగారి భాష గొప్పదన్నాను గాని, ఏ రోజు, ఎన్ని గంటలకు రావాలో చెప్పలేదు. పైగా నాకే తెలుగు చదవడం రాదు. హద్దుకు ఇవతలే నిలబడి జనాన్ని అవతలికి పొమ్మన్నాను. తరువాత నేనే నోటుపుస్తకం పట్టుకొని, సాయంత్రపు తరగతిలో చిన్నపిల్లల పక్కన కూర్చుని అ ఆలు దిద్దాను. నన్ను చూసి నవ్విన పిల్లలు కొందరు మళ్ళీ వారం కూడా నవ్వడానికే వచ్చారు. వస్తూ వస్తూ అక్షరాలు నేర్చుకున్నారు.

కనుక ఈ ఉత్సవంలో మైకు ముందుకు వచ్చే పెద్దలకు ఒక చిన్న మనవి. మా పిల్లలకు అర్థమయ్యే మాటల్లో మాట్లాడండి. చేయవలసిన పని ఒకటే చెప్పండి. అది మీరు ముందు మొదలుపెట్టండి. రేపు మీరు రాలేకపోతే ఆ పని ఎవరు చూస్తారో కూడా ఈరోజే చెప్పండి. చప్పట్ల సంగతి మేము చూసుకుంటాం.